పిలిచిన ప్రోగ్రాము, తిరిగి వచ్చు దారి

చింతలపూడి ప్రాంతమున మామిడి కోతల దినములలో తోటలోనికి పోయి చూచినవారికి ఒక సంగతి తెలియును. మేస్త్రి చెట్టుక్రింద నిలుచుండి ఒక కుర్రవానిని కేకవేసి, "పాకలో గంపలున్నాయి, పట్టుకురారా అబ్బాయ్" అనును. తరువాత మూడు విధములలో ఏదో ఒకటి జరుగును. గంపలు వచ్చువరకు మేస్త్రి ఏ పనియు చేయక అక్కడనే వేచియుండవచ్చును. లేదా కుర్రవాడు పోయి వచ్చులోగా తాను చిక్కము పట్టి కాయలు దించుచుండవచ్చును. లేదా చిక్కమును ఆ కుర్రవాని చేతికే ఇచ్చి, "ఇక నువ్వు చూసుకో" అని తాను ఇంటికి పోవచ్చును. మూడింటియందును పిలుపు ఒక్కటే. కాని పిలిచిన తరువాత ఎవరు నిలుతురు, ఎవరు పోవుదురు, ఉన్న ఒక్క చిక్కము ఎవరి చేతిలో నుండును అనునవి వేరు వేరు.

కంప్యూటరులో ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును నడిపించుటయు ఇట్టిదే. చూచుటకు చిన్నదిగా కనిపించు ఈ పని వెనుక సుమారు 80 సంవత్సరముల చరిత్ర కలదు. ఆ చరిత్ర మనకు నేర్పు పాఠము ఒక్కటే: పిలుచుట సులభము, తిరిగి వచ్చు దారిని, నిలుచుటకు చోటును, పని ముగియు వేళను ముందుగా ఏర్పరచుట కష్టము.

ఆటలో వచ్చిన చిక్కు

ఈ విషయమును నాకు గుర్తుచేసినవారు విద్యార్థులే. వారాడు ఆటలలో బిట్‌బర్నర్ అనునది ఒకటి. 2021 డిసెంబరులో స్టీమ్ అను ఆటల అంగడిలో వెలువడిన ఈ ఆటను మీటలు నొక్కినంత మాత్రమున ఆడలేము. జావాస్క్రిప్టు భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు వ్రాసి ఆడవలెను. ఇట్టి చిన్న ప్రోగ్రామును స్క్రిప్టు అందురు. ఆటగానికి ఆటలో ఒక ఊహాయంత్రము లభించును. దానికి మొదట 8 గిగాబైట్ల మెమరీ మాత్రమే ఉండును. ఇది ఆటలోని లెక్కయే కాని, మన బల్లపైనున్న యంత్రముయొక్క నిజమైన మెమరీ కాదు. నడచుచున్న ప్రతి స్క్రిప్టును కనీసము 1.6 గిగాబైట్ల చోటు ఆక్రమించును. అందులో వాడిన ఆదేశములను బట్టి ఈ లెక్క పెరుగును.

ఒక స్క్రిప్టు మరియొక స్క్రిప్టును మొదలుపెట్టుటకు ఆటలో ముఖ్యముగా మూడు ఆదేశములు కలవు. 'రన్' అనునది అదే యంత్రముపై మరియొక స్క్రిప్టును నడిపించును. దీని ధర 1 గిగాబైటు. 'ఎగ్జెక్' అనునది వేరొక యంత్రముపై గూడ నడిపించగలదు. దీని ధర 1.3. ఈ రెండింటియందును పిలిచిన స్క్రిప్టు తన పనిని తాను సాగించుచునే యుండును. మూడవది 'స్పాన్'. ఇది పిలిచినదానిని ముగించి, దాని స్థానమున క్రొత్తదానిని నడిపించును. దీని ధర 2.

ఒక విద్యార్థి నాయొద్దకు వచ్చి, "సార్, మొదటి స్క్రిప్టు బాగానే నడుస్తోంది. రెండోది అసలు మొదలే కావడం లేదు" అనెను. ఇద్దరమును కాగితము ముందు పెట్టుకొని లెక్క వేసితిమి. అతని మొదటి స్క్రిప్టులో 'రన్' ఉన్నది. కావున దాని బరువు 1.6, 1 కలిసి 2.6. పనిచేయు రెండవ స్క్రిప్టు బరువు 2. దానిని అతడు మూడు పాళ్లుగా, అనగా మూడు త్రెడ్లతో, నడుపగోరెను. ఒక్కొక్క పాలునకు 2 చొప్పున 6 గిగాబైట్లు కావలెను. కాని 8 లో 2.6 తీసివేసిన మిగులునది 5.4 మాత్రమే. చోటు చాలలేదు.

"మరి ఆ సంగతి నాకు చెప్పలేదేం సార్?" అని అతడు అడిగెను. నిజమునకు ఆట చెప్పినది. 'రన్' విజయవంతమైనచో క్రొత్త స్క్రిప్టుయొక్క గుర్తుసంఖ్యను, విఫలమైనచో 0 ను తిరిగి ఇచ్చును. ఆ సమాధానమును అతని స్క్రిప్టు చూడలేదు. 'రన్' బదులు 'స్పాన్' వాడినచో పిలిచిన స్క్రిప్టు తొలగిపోవును. మొత్తము 8 గిగాబైట్లును ఖాళీ అగును. మూడు కాదు, నాలుగు పాళ్లు నడపవచ్చును. అయితే అప్పుడు తిరిగి వచ్చుటకు పిలిచినవాడుండడు. చోటు కావలెనా, తిరుగుదారి కావలెనా అను ఈ ప్రశ్న ఆటలో పుట్టినది కాదు. కంప్యూటరుతోపాటు పుట్టినది.

దారి మరువని ఉపాయము

1945 చివర ఇంగ్లండులో ఆలన్ ట్యూరింగ్ ఒక గణనయంత్రమునకు ప్రణాళిక వ్రాసెను. అప్పటికి అట్టి యంత్రము కాగితముపైననే కలదు. వర్గమూలము కనుగొనుట వంటి పనులు ఒక లెక్కలో అనేక పర్యాయములు వచ్చును. వచ్చినప్పుడెల్ల ఆ ఆదేశములను మరల వ్రాయుట వృథా. ఒకచోట వ్రాసియుంచి, కావలసినప్పుడు అక్కడికి పోయి, పని ముగించుకొని తిరిగి వచ్చుట మేలు. ఇట్టి ముక్కను ఉప ప్రోగ్రాము అనవచ్చును.

పోవుట సరే, ఎక్కడికి తిరిగి రావలెను? ఒకే ఉప ప్రోగ్రామును పది చోట్లనుండి పిలిచినచో పది తిరుగుదారులుండును. అందుచేత బయలుదేరునప్పుడు తిరిగి రావలసిన చోటును వ్రాసి దాచవలెనని, వచ్చునప్పుడు దానిని పైకి తీయవలెనని ట్యూరింగ్ సూచించెను. ఈ రెండు పనులకు ఆయన వాడిన పేర్లకు అర్థము "పాతిపెట్టుట", "త్రవ్వి తీయుట" అని. ఒక ఉప ప్రోగ్రాము మరియొకదానిని, అది ఇంకొకదానిని పిలిచినచో, చివర పాతినదే మొదట పైకి రావలెను. గంపలను దొంతరగా పేర్చినచో పైగంపనే మొదట తీయుదుము గదా! నేటి కంప్యూటరులలో గూడ తిరుగుదారులను దాచునది ఇట్టి దొంతరయే.

కాగితముపైనున్న ఈ ఉపాయమునకు నడచుచున్న యంత్రముపై రూపమిచ్చిన వారిలో ముఖ్యుడు కేంబ్రిడ్జికి చెందిన డేవిడ్ వీలర్. అక్కడ మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మింపబడిన ఎడ్‌శాక్ యంత్రము 1949 మే 6 న తన మొదటి ప్రోగ్రామును నడిపెను. పాదరసపు గొట్టములలో పరుగెత్తు శబ్దతరంగములే దాని మెమరీ. ఆరంభమున అందులో 512 గడులు మాత్రమే వాడుకలో నుండెను. తిరిగి రావలసిన చోటును గుర్తుంచుకొను ఆదేశము ఆ యంత్రమున లేదు. వీలర్ ఉన్న ఆదేశములతోనే దారి కల్పించెను.

ఆ ఉపాయము ఇది. ప్రధాన ప్రోగ్రాము 100 వ గడిలో నున్నదనుకొందము. ఆ గడిలోని ఆదేశము "100 వ గడిలో నున్నదానిని చేతిలోనికి తీసికొనుము" అనును. అనగా ఆ ఆదేశము తన్ను తానే ఒక సంఖ్యగా చేతిలోనికి తీసికొనును. అందులో 100 అను చిరునామా ఇమిడియున్నది. 101 వ గడిలోని ఆదేశము ఉప ప్రోగ్రామునకు పొమ్మనును. ఉప ప్రోగ్రాము మొదట చేయు పని యేమనగా, చేతిలోనున్న సంఖ్యకు ఒక నిర్ణీత సంఖ్యను కలుపుట. ఆ కూడికతో అది "102 వ గడికి పొమ్ము" అను క్రొత్త ఆదేశముగా మారును. దానిని ఉప ప్రోగ్రాము తన చివరి గడిలో నాటుకొనును. తరువాత తన పనిని చేయును. చివరి గడికి వచ్చుసరికి ఇంటిదారి అక్కడ సిద్ధముగా నుండును. దీనికి "వీలర్ గెంతు" అను పేరు నిలిచినది.

ఈ ఉపాయమువలన ఉప ప్రోగ్రాములను ముందుగా వ్రాసి, పరీక్షించి, గ్రంథాలయములో పుస్తకములవలె దాచుట సాధ్యమైనది. 1951 నాటికి ఎడ్‌శాక్ గ్రంథాలయమున 87 ఉప ప్రోగ్రాములుండెను. ఆ సంవత్సరముననే విల్క్స్, వీలర్, గిల్ కలిసి ఈ పద్ధతిని వివరించు గ్రంథమును ప్రకటించిరి. 1952 లో శాండీ డగ్లస్ అదే యంత్రముపై మన పిల్లలు పలకపై ఆడు సున్న-ఇంటూ ఆటను నడిపెను.

వీలర్ గెంతునకు ఒక పరిమితి కలదు. ఉప ప్రోగ్రాము తన్ను తానే పిలిచికొన్నచో, చివరి గడిలో నాటిన మొదటి తిరుగుదారిపై రెండవది పడును, మొదటిది చెరిగిపోవును. ఇంటికి దారి పోయినట్లే. అందుచేత ఒక్క గడి చాలదు; దొంతర కావలెను. తన్ను తాను పిలుచుకొను ప్రోగ్రాములకు దొంతరను వాడు విధమును 1960 లో ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా ఒక వ్యాసమున స్పష్టపరచెను.

తన స్థానమును తానే విడిచిన ప్రోగ్రాము

ఇంతవరకు చెప్పినది ఒకే ప్రోగ్రాములోని భాగముల సంగతి. స్వతంత్రముగా నడచు ఒక ప్రోగ్రాము మరియొక స్వతంత్ర ప్రోగ్రామును మొదలుపెట్టుట తరువాతి అధ్యాయము. ఇందులో గూడ ఒక ఆటకు పాత్ర కలదు.

1969 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ గ్రహముల నడుమ నౌకను నడుపు "స్పేస్ ట్రావెల్" అను ఆటను వ్రాసెను. పెద్ద యంత్రముపై దానిని ఆడుట ఖర్చుతో కూడిన పని. అందుచేత ఆయన ఒక మూలనున్న పీడీపీ-7 అను చిన్న యంత్రమునకు ఆ ఆటను మార్చెను. ఆ యంత్రముపైననే యూనిక్స్ అను నిర్వహణ వ్యవస్థ రూపొందినది. డెన్నిస్ రిచీ ఈ తొలిదినముల చరిత్రను తరువాత వ్రాసియుంచెను.

తొలి యూనిక్సులో ఒక్కొక్క తెరకు ఒక్కొక్క ప్రోగ్రామే నడచుచుండెడిది. మన ఆజ్ఞలను వినునది 'షెల్' అను ప్రోగ్రాము. ఒక ఆజ్ఞ రాగానే షెల్ ఆ పనికి సంబంధించిన ప్రోగ్రామును తెచ్చి తన మీదనే వ్రాసికొనెడిది. అనగా తాను మాయమై, తన చోటును దానికిచ్చెడిది. ఆ ప్రోగ్రాము పని ముగించి పోవునప్పుడు షెల్‌యొక్క క్రొత్త ప్రతిని తెచ్చి అక్కడ నిలిపి పోయెడిది. మేస్త్రి చిక్కమును కుర్రవానికిచ్చి ఇంటికి పోవుట ఇదియే. బిట్‌బర్నర్‌లోని 'స్పాన్' ఆదేశము చేయు పనియు దాదాపు ఇదియే. చోటు తక్కువగా నున్నప్పుడు మనుష్యునకు తోచు ఉపాయము అప్పుడును ఇప్పుడును ఒక్కటియే యగుట గమనింపదగినది.

తరువాత యూనిక్సులో 'ఫోర్క్' అను ఆదేశము చేరినది. ఫోర్క్ అనగా పంగలకఱ్ఱవలె రెండుగా చీలుట. ఈ భావమును 1963 లో మెల్విన్ కాన్వే ఒక వ్యాసమున వివరించియుండెను. బర్క్‌లీ విశ్వవిద్యాలయపు వ్యవస్థలో గూడ ఇట్టిది కలదు. థాంప్సన్ అక్కడ చదివినవాడు. ఫోర్క్ అనినంతనే నడచుచున్న ప్రోగ్రామునకు అచ్చుపోసినట్లు మరియొక ప్రతి ఏర్పడును. ఒకటి తల్లి, మరియొకటి పిల్ల. పిల్ల తన మీద క్రొత్త ప్రోగ్రామును వ్రాసికొని పనికి పోవును. తల్లి అక్కడనే యుండి వేచియుండవచ్చును, లేదా తన పనిని సాగింపవచ్చును. ఇంత గొప్ప మార్పునకు పీడీపీ-7 పై పట్టినది సరిగా 27 పంక్తులని రిచీ వ్రాసెను.

కాని ఆ వెంటనే ఒక విచిత్రము జరిగినది. ఒక ఫైళ్ల అరనుండి మరియొక అరకు మారు ఆజ్ఞ ఉన్నట్టుండి పనిచేయుట మానినది. ఆ ఆజ్ఞ వ్రాతలో తప్పేమియు లేదు. చాలసేపు తలలు పట్టుకొన్న తరువాత కారణము బోధపడినది. ఫోర్క్ వచ్చిన తరువాత ప్రతి ఆజ్ఞయు పిల్ల ప్రోగ్రామే చేయుచున్నది. అర మారినది పిల్ల. పని ముగియగానే పిల్ల అంతరించినది. తల్లి ఉన్నచోటనే యున్నది! కుర్రవానిని పాకలోనికి పంపినచో మేస్త్రి పాకలోనికి పోయినట్లు కాదు గదా. ఆ ఒక్క ఆజ్ఞను మాత్రము షెల్ తానే స్వయముగా చేయునట్లు మార్చి సరిదిద్దిరి. నేటి యూనిక్సు, లినక్సు యంత్రములలో గూడ అర మారు ఆజ్ఞ షెల్ లోపలనే యుండుటకు కారణమిదియే.

ప్రోగ్రాములే పోరాడిన రంగము

ప్రోగ్రాములు వ్రాసి ఆడు ఆటలును క్రొత్తవి కావు. 1961 లో బెల్ ప్రయోగశాలలలోనే విక్టర్ విసోట్స్కీ, రాబర్ట్ మోరిస్, డగ్లస్ మెక్‌ఇల్రాయ్ అనువారు ఐబీఎం 7090 యంత్రముపై "డార్విన్" అను ఆటను ఆడిరి. ఆటగాండ్రు వ్రాసిన ప్రోగ్రాములు ఒకే మెమరీలో నుండును. మధ్యవర్తి ప్రోగ్రాము ఒకటి పర్యవేక్షించును. చోటును తడవి చూచుట, ఖాళీ చోటు ఆక్రమించుట, ఎదిరి ప్రతిని తుడిచివేయుట అను పనులకు ఆటగాని ప్రోగ్రాము ఆ మధ్యవర్తినే పిలువవలెను. చివరకు మోరిస్ వ్రాసిన ఒక ప్రోగ్రామును ఎవరును ఓడింపలేకపోవుటచే ఆట ముగిసినది.

1984 మేలో ఏ. కె. డ్యూడ్నీ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో "కోర్ వార్" అను ఇట్టి ఆటను పాఠకులకు పరిచయము చేసెను. దీనిలో తరువాత చేరిన ఒక ఆదేశము మన విషయమునకు మిక్కిలి దగ్గరిది. అది నడచుచున్న ప్రోగ్రామును రెండు దారులుగా చీల్చును. అయితే ప్రతి ఆటగానికిని వంతునకు ఒక్క అడుగే కలదు. దారులు రెండైనచో అవి వంతులు పంచుకొనవలెను. ఒక్కొక్కటి సగము వేగముతోనే నడచును. నాలుగైనచో నాలుగవ వంతు. అయినను ఒక దారి నశించినచో మరియొకటి మిగులును. బలము పెరిగినది, వేగము తరిగినది. మరియొకదానిని నడిపించుట ఎన్నడును ఉచితము కాదని ఈ ఆట స్పష్టముగా చూపును.

నల్లబల్ల ముందు నిలిచిన ప్రోగ్రాములు

ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నిటియందును పిలుచువానికి పిలువబడువాని పేరు తెలియవలెను. పేరు పెట్టి పిలువకయే ప్రోగ్రాములు కలిసి పనిచేయగలవా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో ప్రముఖుడు తెలుగువాడు.

డబ్బాల రాజగోపాలరెడ్డి, లోకమెరిగిన పేరు రాజ్ రెడ్డి, 1937 లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించెను. మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియాలో ఉన్నత విద్య పొంది, 1966 లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పట్టము నందెను. 1969 లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరి, మానవుని మాటను యంత్రము గ్రహించు విధమును పరిశోధించెను. 1973 నాటికి ఆయన బృందము చూపిన "హియర్‌సే" అను వ్యవస్థ ఆడినది చదరంగము! ఆటగాడు ఎత్తును నోటితో చెప్పిన యంత్రము దానిని గ్రహించవలెను. శబ్దము తెలిసినది ఒక భాగము, వాక్యనిర్మాణము తెలిసినది మరియొకటి, చదరంగము తెలిసినది ఇంకొకటి. శబ్దము అస్పష్టముగా నున్నచో, ఆ స్థితిలో ఏ ఎత్తులు సాధ్యమో చదరంగపు భాగము చెప్పి సాయపడును.

దాని తరువాతి రూపమైన హియర్‌సే-2 లో "నల్లబల్ల" పద్ధతి సంపూర్ణముగా వికసించినది. ఉపాధ్యాయులకు ఇది వెంటనే బోధపడును. తరగతిలో నల్లబల్లపై ఒక చిక్కుప్రశ్న యున్నది. ఎవరికి ఏది తోచిన వారు వచ్చి ఆ ముక్కను వ్రాయుదురు. అది చూచి మరియొకరికి తరువాతి మెట్టు తోచును. ఎవరును ఎవరిని పేరు పెట్టి పిలువనక్కరలేదు. నల్లబల్లపై వచ్చిన మార్పే పిలుపు. ఎవరు ముందు వ్రాయవలెనో నిర్ణయించుటకు మాత్రము ఒక పర్యవేక్షకుడు కావలెను. ఈ పద్ధతితో 1976 నాటికి ఆ వ్యవస్థ సుమారు 1000 పదముల పరిధిలో మాటలను గ్రహింపగలిగెను. బిట్‌బర్నర్‌లో స్క్రిప్టులు ఒకదానికొకటి సమాచారమందించుకొనుటకు 'పోర్టు' అను ఉమ్మడి చోటు కలదు. దానిని ఈ నల్లబల్లకు చిన్న చెల్లెలనవచ్చును.

రాజ్ రెడ్డికి 1994 లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారము లభించినది. తిరుగుదారిని పాతిపెట్టి దాచవలెనన్న ఆ ట్యూరింగు పేరిటనే ఈ పురస్కారము ఏర్పడినది. 2008 లో గ్రామీణ విద్యార్థులకొరకు నెలకొల్పబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు మొదటి కులపతి ఆయనయే. దాని ప్రాంగణములలో నొకటి మన మామిడి సీమలోని నూజివీడునందే కలదు. చింతలపూడి, నూజివీడు రెండును 2022 నుండి ఒకే ఏలూరు జిల్లాలో నున్నవి. చదరంగపు మాట విన్న యంత్రముయొక్క కథ మనకు ఎంతో దూరపుది కాదు.

తరగతిలో చేసి చూడదగినది

ఒకనాడు మా ప్రయోగశాలలో ఒక విద్యార్థి తన్ను తానే రెండు మారులు మొదలుపెట్టు స్క్రిప్టును నిజమైన యంత్రముపై నడిపెను. ఒకటి రెండైనది, రెండు నాలుగైనవి. పది మెట్లు దాటిన 1024. క్షణములలో యంత్రము కదలక నిలిచిపోయెను. "నేను ఒక్కటే పెట్టాను సార్, ఇన్ని ఎక్కడివి?" అని అతడు తెల్లబోయెను. యంత్రమును ఆపి మరల వెలిగించవలసి వచ్చెను. అదే యంత్రముపై వేరొక చోటునుండి పనిచేయుచున్న ఒక విద్యార్థిని గంటసేపు వ్రాసి ఇంకను దాచని పని పోయినది. తప్పు చేసినది ఒకరు, నష్టపోయినది వేరొకరు. ఆ అమ్మాయి ఏమియు అనక మొదటినుండి వ్రాయ మొదలుపెట్టెను. ఆ దినమున నేను చెప్పదలచిన పాఠము మాని, ఈ క్రింది ఆటను ఆడించితిని.

దీనికి కంప్యూటరు అక్కరలేదు. నలుగురు విద్యార్థులు, మూడు కుర్చీలు, కొన్ని కాగితపు ముక్కలు చాలును. కుర్చీ మెమరీ, విద్యార్థి ప్రోగ్రాము. కుర్చీ లేనిదే ఎవరును పనిచేయరాదు. మొదటివాడు రెండవవానిని పిలుచునప్పుడు తన పని ఎక్కడ ఆగినదో కాగితముపై వ్రాసి బల్లపై పెట్టవలెను. రెండవవాడు మూడవవానిని పిలిచినచో తన కాగితమును దానిపై పెట్టవలెను. పని ముగిసినవాడు పైకాగితము తీసి చదివి, అందులో పేరున్నవానికి పని అప్పగించి కుర్చీ విడువవలెను. నాలుగవవానిని పిలిచి చూడుడు, కుర్చీ లేదు. అప్పుడు పిలిచినవాడు ఏమి చేయవలెను? వేచియుండవలెనా, తానే లేచి చోటు ఇవ్వవలెనా, పని మానుకొనవలెనా? పిల్లలు వాదించుకొందురు. వాదించుకొననిండు. 1945 నుండి నేటివరకు పెద్దలు వాదించుకొన్నదియు ఇదియే.

వారి వాదము ముగిసిన తరువాత నాలుగు ప్రశ్నలను నల్లబల్లపై వ్రాయించుడు. పిలిచినదానికి చోటున్నదా? పిలుపు ఫలించినదో లేదో చూచితినా? పని ముగిసినచో ఎక్కడికి తిరిగి రావలెను? ఇది ఎప్పుడు ఆగును? ఈ నాలుగింటికి సమాధానము వ్రాసిన తరువాతనే ఒక ప్రోగ్రాము మరియొకదానిని పిలువవలెను. ఆ విద్యార్థి నేడు ప్రతి స్క్రిప్టునకు ముందు ఈ నాలుగింటిని పెన్సిలుతో వ్రాసికొనుచున్నాడు. నాలుగవ ప్రశ్న క్రింద మాత్రము రెండు గీతలు గీచును.